అల విరగని చోటు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఈ మాట విషయంలో మా అత్తయ్య చాలా గట్టి. అందుకని కనుమ రోజంతా మినపగారెలు వేసుకుని తింటూ ఇంట్లోనే కూర్చుని, ముక్కనుమ నాడు పొద్దున్న ఆరున్నరకి కారెక్కాం. మావారు, నేను, అత్తయ్య, పిల్లలిద్దరూ. వెళ్ళేది అప్పికొండకి.

విశాఖపట్నంలో కాపురం పెట్టి పందొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో సముద్రం అంటే మాకు ఆర్కే బీచే. చుట్టాలొస్తే సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి, ఇంకాస్త ఓపికుంటే రుషికొండ. మురీ మిక్చర్ తిని, చెప్పుల్లో ఇసుక దులుపుకుని ఇంటికొచ్చేయడం. ఊళ్ళోనే ఉంది కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు అనుకున్నవి ఎప్పటికీ వెళ్ళం. మీ ఊళ్ళో కూడా ఇంతేనా?

"ఈసారి జనం లేని చోటికి పోదాం" అన్నది మావారు. ఎందుకన్నారో నాకు తెలుసు. మా పెద్దవాడు ఇంటర్ రెండో సంవత్సరం. విజయవాడ వైపు ఒక కాలేజీ హాస్టల్లో ఉంటాడు. పండక్కి వచ్చాడు. మర్నాటి రాత్రి రైలుకి తిరిగి వెళ్ళిపోవాలి. నెలాఖరున జేఈఈ మెయిన్స్. మధ్యలో ఒక్కరోజైనా వాణ్ణి ఆ పుస్తకాల నుంచి పైకి లేపాలని ఆయన ఆశ.

నా మటుకు నాకు వాడి గురించి బెంగేమీ లేదు. నిజం చెప్పాలంటే మురిసిపోతున్నాను కూడా. చిన్నప్పటి నుంచీ వాడిది గోల. కూరలో వంకాయ కనిపిస్తే కంచం పక్కకి తోసేసేవాడు. చెల్లెలితో రిమోట్ కోసం యుద్ధం. అలాంటివాడు ఈ పండక్కి వచ్చి, పెట్టింది తిని, చెప్పింది విని, అడిగినదానికి "ఊఁ" అని ఊరుకుంటున్నాడు. భోగి నాడు గుత్తివంకాయ పెడితే మారు మాట్లాడకుండా తినేశాడు. "చూశారా, హాస్టల్ ఎంత బుద్ధి నేర్పిందో" అని నేను మావారితో అంటే, పక్కన కూర్చున్న అత్తయ్య, "వాడు వంకాయ తింటుంటే నాకేం బాగోలేదే" అన్నారు. ఆవిడ ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటారులే అని నేను పట్టించుకోలేదు.

బయటికి వెళ్ళడమంటే మిగతావాళ్ళకి కారెక్కడం. నాకు తెల్లవారుజామున మూడున్నరకి లేవడం. పులిహోర కలిపి, పెరుగన్నం తాలింపు వేసి, డబ్బాలో మిగిలిన అరిసెలూ జంతికలూ సర్ది, నీళ్ళ సీసాలు, పాత దుప్పటి, తువ్వాళ్ళు, అత్తయ్య మాత్రలు, మోకాళ్ళ మందు అన్నీ పెట్టుకునేసరికి చివరికి నా చెప్పులు మర్చిపోయాను. ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులతోనే వచ్చేశాను. అదే మంచిదైందనుకోండి.

నా పుట్టిల్లు తణుకు దగ్గర. చిన్నప్పుడు నాకు తెలిసిన సముద్రం పేరుపాలెం. కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం. కొబ్బరితోటలు, ఆ తర్వాత సరుగుడు తోట, ఆ తర్వాత బల్లపరుపుగా ఇసుక, బురద రంగు నీళ్ళు. అక్కడ నేలా నీళ్ళూ ఒకే మట్టంలో ఉంటాయి. గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడిన నేల కదా, అందులో రాయి అన్నదే కనబడదు. ఆంధ్రప్రదేశ్‌కి 974 కిలోమీటర్ల సముద్రతీరం అని బళ్ళో చదువుకున్నప్పుడు మొత్తం అలాగే ఉంటుందనుకున్నాను. విశాఖపట్నం వచ్చాకే తెలిసింది, ఇక్కడ తూర్పు కనుమలు నడుచుకుంటూ వచ్చి ఏకంగా సముద్రంలోకే దిగిపోతాయని. యారాడ కొండని ఎన్నిసార్లు చూసినా నాకు నీళ్ళలో ముక్కుపెట్టి వాసన చూస్తున్న జంతువులా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి డాల్ఫిన్ ముక్కని పేరు పెట్టడంలో వింతేం లేదు.

గాజువాక దాటి, ఉక్కునగరం వైపు తిరిగి వెళ్ళాం. స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు చాలాసేపు పక్కనే వచ్చాయి. అవి వెనకబడ్డాక తాటిచెట్లు, గడ్డి మెట్టలు, మేకలు. "ఇక్కడ సముద్రమేంటి నాన్నా?" అని చిన్నది అంటూ ఉండగానే రోడ్డు ఒక మలుపు తిరిగింది, ఎదురుగా నీలంగా లేచి నిలబడింది.

అప్పికొండలో సోమేశ్వరుడి గుడి సముద్రానికి దగ్గర్లోనే, మెట్ట మీద ఉంది. చోళుల కాలం నాటిదంటారు. శివరాత్రికి, కార్తీక సోమవారాలకి ఇక్కడ కాలు పెట్టే చోటుండదట. మేం వెళ్ళిన రోజు పూజారి గారు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కుక్క. దర్శనం చేసుకుని వచ్చాక అత్తయ్య, "నా మోకాళ్ళు ఇసుకలో దిగబడితే లేవవు, నేనిక్కడే నీడన కూర్చుంటా. మీరు వెళ్ళి రండి" అని గుడి దగ్గరే చతికిలబడ్డారు. ఆవిడకి మంచినీళ్ళు, రెండు అరిసెలు ఇచ్చి మేం నలుగురం కిందికి దిగాం.

గుడి కింద ఉన్న ఇసుకలో పండగకి వచ్చిపోయినవాళ్ళ గుర్తులు ఉన్నాయి. పేపరు ప్లేట్లు, కూల్‌డ్రింకు సీసాలు. వాటిని దాటి, సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ళ గుట్ట ఒకటి ఉంది. దాని మీద నుంచి జాగ్రత్తగా పాకి అవతలికి దిగితే, అక్కడ మనిషి అడుగన్నది లేదు.

ఆ చోటుని ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. బీఏలో ప్రబంధాల్లోని సముద్ర వర్ణనలు మార్కుల కోసం బట్టీ పట్టినదాన్ని, ఎదురుగా చూసేసరికి ఒక్క మాటా గుర్తు రాలేదు. వెనక ఎర్రటి మెట్టలు. రెండు వైపులా నల్లగా, గోధుమ రంగుగా, తేనెపట్టులా తొలిచేసిన రాళ్ళు. మధ్యలో చంద్రవంకలాగా ఇసుక. రాత్రి పోటుకి తడిసి ఆరుతూ, ఉతికి ఆరేసిన పంచెలా ముడత లేకుండా ఉంది. దాని మీద నడవాలంటే అలికిన గుమ్మంలో కాలు పెడుతున్నట్టు మొహమాటం వేసింది.

ఇసుక ఒకే రంగులో లేదు. పసుపు మీద అక్కడక్కడ కుంకుమ చల్లినట్టు గులాబీ చారలు, వాటి పక్కనే కాటుక గీతల్లాంటి నల్ల చారలు. చిన్నది గుప్పెడు తీసి ఎండలో పెడితే మెరిసింది. ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. ఆ ఎర్రరేణువులు గార్నెట్ అట. మన నవరత్నాల్లో గోమేధికం కూడా ఆ కుటుంబానిదే. నల్లనిది ఇల్మెనైట్, టైటానియం తీసేది దాన్నుంచే. విశాఖ చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా ఉండే రాయిని ఖోండలైట్ అంటారు. మన తూర్పు కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో ఒక భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరది. కోణార్క్ గుడి కట్టింది చాలావరకు ఈ రాయితోనే. ఎండకీ వానకీ ఈ రాయి తొందరగా అరిగిపోతుంది. అరిగినకొద్దీ అందులోని గార్నెట్ విడివడి ఇసుకలో కలుస్తుంది. బరువైన రేణువులు కాబట్టి తేలిక ఇసుకని అల తీసుకుపోయినా ఇవి అక్కడే చారలుగా ఉండిపోతాయి. కొండ కరిగి మన కాళ్ళ కింద పరుచుకుందన్నమాట.

మెట్ట అంచున రావణాసురుడి మీసాలు మొలిచి ఉన్నాయి. ముళ్ళ బంతుల్లాంటి ఆ గడ్డి గింజల గుత్తులు గాలికి ఊడి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంటే చిన్నది వాటి వెంట పరుగు. ఎర్రపీతలు ఆ పిల్ల అడుగు పడకముందే కన్నాల్లోకి మాయం. నేను దుప్పటి పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ఇక ఏం చెయ్యాలా అని చూశాను. చెయ్యడానికేం లేదు. గిన్నె లేదు, తుడవడానికి గట్టు లేదు, ఫోన్‌కి సిగ్నల్ కూడా లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అవి ఎవరివో అన్నట్టున్నాయి.

మావారు కొంచెం దూరంలో ఏదో చూసి ఆగిపోయారు. వెళ్ళి చూస్తే చచ్చిపోయిన తాబేలు. ఆలివ్ రిడ్లే తాబేలు. ఆకుపచ్చ బూడిద రంగు చిప్ప, పెద్ద పళ్ళెమంత ఉంది. చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఇవి ఈ తీరాలకి వస్తాయి. తాబేలు నీళ్ళలోనే బతికినా గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే. వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. సముద్రంలో పెరిగిన ప్రాణి నీళ్ళలో మునిగి చావడమేమిటని చిన్నది నమ్మలేదు. పెద్దవాడు దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. లేచి నీళ్ళ వైపు నడిచాడు.

ఇక్కడ అలలు పేరుపాలెంలోలాగా వరసలు వరసలుగా నెమ్మదిగా రావు. దగ్గరికొచ్చాక ఒక్కసారిగా నిటారుగా లేచి, దభాలున పడతాయి. ఆ చప్పుడుకే నాకు గుండె దడ. కానీ రాళ్ళ గుట్టకి కాస్త పక్కన, ఒక ఇరవై అడుగుల మేర, అలల్లేకుండా నీళ్ళు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉన్నాయి. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో ప్రశాంతంగా వీధిలాగా. "అదిగో, అక్కడ దిగరా, అక్కడ అలలు లేవు" అని అరిచి మరీ చెప్పింది నేనే. ఈ మాట రాయడానికి నాకు నెల పట్టింది.

వాడు ప్యాంటు మడిచి మోకాళ్ళ దాకా దిగాడు. ఇంకో రెండడుగులు వేశాడు. అప్పుడు వెనక మెట్ట మీద నుంచి కేక వినబడింది.

"ఓ బాబో! అటేపు ఎల్లకు! ఎనక్కి రా, ఎనక్కి రా!"

భుజం మీద వల వేసుకున్న ఒక పెద్దాయన పరిగెత్తుకుంటూ దిగుతున్నాడు. ఆయన గొంతులో ఉన్నదేమిటో నాకు అర్థమయ్యేలోపే మావారు నీళ్ళలోకి వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశారు. అప్పటికి నీళ్ళు వాడి తొడల దాకా వచ్చాయి. "కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది" అన్నాడు వాడు. ముక్కనుమ నుంచి ఇప్పటిదాకా ఎన్ని రాత్రులు ఆ వాక్యం విని లేచి కూర్చున్నానో.

పెద్దాయన ఆయాసపడుతూ వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. నేను నీళ్ళ సీసా ఇస్తే గటగటా తాగి, తిట్టకుండా, విసుక్కోకుండా, పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"నీళ్ళు సాంతంగా ఉన్నాయని దిగినావా బాబూ? అందరూ అలాగే దిగుతారు. అల ఇరిగిన సోట బయం లేదు. కొట్టినా ఒడ్డుకే తోస్తాది. అల ఇరగని సోటే లాగుద్ది. అది ఒచ్చిన నీరంతా ఎనక్కి పోయే తోవ."

నాకు చెమటలు పట్టాయి. "నేనే దిగమన్నాను బాబాయ్" అన్నాను.

"నీకేటి తెలుస్తాది తల్లీ. సూసేవోళ్ళకి అలాగే ఉంటాది."

ఆయన చెప్పిన దాన్నే తర్వాత పుస్తకాల భాషలో చదివాను. అలలు నీటిని ఒడ్డుకి తోస్తూనే ఉంటాయి. ఆ నీరంతా వెనక్కి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య సందు దొరికిన చోట, రాళ్ళ గుట్టల పక్కన, అది సన్నని కాలువలాగా లోపలికి పరిగెడుతుంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. పైకి నున్నగా కనిపిస్తుంది. ఒక్కోసారి ఆ వేగం సెకనుకి రెండు మీటర్లు కూడా దాటుతుందట. ఎంత ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. చనిపోయేవాళ్ళు ఎక్కువగా ఒడ్డుకేసి ఈది ఈది, అలసిపోయి చనిపోతారు. అలలు ఎక్కువగా ఉండే రోజుల్లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ హెచ్చరికలు ఇస్తుంది. సముద్రానికి వెళ్ళేముందు అవి చూసుకోండి. లైఫ్‌గార్డులు లేని చోట నీళ్ళలోకి అసలు దిగకండి. మా ఇంట్లో ఇప్పుడు ఇది చట్టం.

మా పెద్దవాడు ఆయన పక్కన కూర్చున్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి వాడంతట వాడు ఒక ప్రశ్న అడిగాడు.

"అందులో పడిపోతే ఏం చెయ్యాలి తాతా?"

"కొట్టుకోకూడదు. ఒడ్డుకేసి ఈదకూడదు. ఎల్లకిలా తేలాల. ఊపిరి తీసుకోవాల. ఈత ఒస్తే పక్కకి ఈదాల, ఒడ్డు ఎంబడే. దాటేస్తే అలే తెచ్చి ఒడ్డున పడేస్తాది."

"ఈదలేకపోతే?"

"సెయ్యెత్తాల."

వాడికి అర్థం కాలేదు. పెద్దాయన తన చెయ్యి పైకెత్తి చూపించాడు. "ఇలాగ. సెయ్యెత్తి అరవాల. సెయ్యెత్తకపోతే ఒడ్డునున్నోడికేటి తెలుస్తాది? నీళ్ళలో ఆడుకుంటన్నావనే అనుకుంటాడు. నిన్నే సూస్తా ఉంటాడు గానీ తెలీదు."

ఇక ఆయన లేచి, వల భుజానికెత్తుకుని, "సీసాలూ కవర్లూ పట్టుకుపోండమ్మా, ఇక్కడ తాబేళ్ళు గుడ్లెడతాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు. అరిసెలు ఇస్తే రెండు తీసుకుని పంచె చెంగున కట్టుకున్నాడు. పేరు అడగాలన్న జ్ఞానం కూడా మాకు లేకపోయింది.

పులిహోర విప్పాను. ఎవరికీ ఆకలి లేదు, అయినా నేను వడ్డించాను. చేతులకి పని దొరికింది కదా. వాడి ప్లేటులో పెడుతుంటే వాడు దాని వంకే చూస్తూ అన్నాడు.

"అమ్మా, నేను హాస్టల్‌కి వెళ్ళను."

మావారు నమలడం ఆపేశారు. నాకు ముందు నోటికొచ్చిన మాట "ఇంకెంతరా, రెండు నెలలేగా" అన్నది. రాబోయింది. ఎందుకో మింగేశాను. వాడే మాట్లాడాడు. ఆగస్టు నుంచి నిద్ర పట్టడం లేదట. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, మళ్ళీ అయిదింటికి బెల్లు, మధ్యలో పడుకున్నా కళ్ళు మూతపడవట. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. రెండుసార్లు కింద సెక్షన్‌కి వేశారట. అన్నం తింటే రుచి తెలియడం లేదట. "ఏం పెడుతున్నారో కూడా నాకు తెలీట్లేదమ్మా" అన్నాడు.

గుత్తివంకాయ గుర్తొచ్చింది. వాడికి బుద్ధి వచ్చిందని నేను మురిసిపోయిన గుత్తివంకాయ.

ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇచ్చేవారు. "బాగున్నావా?" "బాగున్నా." "తిన్నావా?" "తిన్నా." ఆర్నెల్లు అదే మాట. నేను ఫోన్ పెట్టేసి, వాడు బాగానే ఉన్నాడని అత్తయ్యకి చెప్పి, స్టవ్ మీద పాలు చూసుకునేదాన్ని. "ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను. "ఫీజు కట్టేశారు కదా" అన్నాడు. అంతే.

ఆయన ఏమంటారోనని నాకు భయం. ఆ ఫీజు కోసం ఆయన ఏం చేశారో నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఆయన చాలాసేపు అలల వంక చూసి, "నేనింకా నీకు లెక్కలు కుదరడం లేదేమో అనుకున్నాన్రా" అన్నారు. కాసేపటికి, "తిను. ఎండెక్కుతోంది" అన్నారు. మావారి భాషలో అది చాలా పెద్ద మాట.

వెనక్కి వస్తూ, మా చెత్తతో పాటు గుడి కింద ఉన్న సీసాలు కూడా ఒక సంచీ నిండా ఏరాం. ఎవరూ చెప్పకుండానే పిల్లలు మొదలుపెట్టారు. గుడి దగ్గర అత్తయ్య మా మొహాలు చూడగానే, "ఏమైందే?" అన్నారు. మనవడు వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. పదిహేడేళ్ళ వెధవ, గెడ్డం వస్తున్నవాడు. అరగంట నిద్రపోయాడు. ఆవిడ మోకాళ్ళు నొప్పెడుతున్నా కదల్లేదు.

ఆ తర్వాతది చకచకా జరిగిపోలేదు. కాలేజీకి ఫోన్ చేస్తే, "అందరు పిల్లలూ ఇలాగే అంటారండీ, పండగ బెంగ, రెండ్రోజుల్లో సర్దుకుంటాడు" అన్నారు. ఫీజు రాదన్నారు. చుట్టాల్లో ఒకరిద్దరు "ఒడ్డుకి చేరే ముందు దింపేస్తారా" అన్నారు. ఒడ్డు మాట ఎత్తినందుకు నాకు నవ్వొచ్చింది కూడా. మావారు వెళ్ళి పెట్టె, పరుపు తెచ్చేశారు. ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. నిద్ర ముందు, చదువు తర్వాత అని ఆవిడ చెప్పారు. ముందు మాకే కష్టమైంది ఆ మాట వినడం. మెయిన్స్ రాశాడు, బాగా రాయలేదని వాడే చెప్పాడు. ఇంటర్ పరీక్షలకి నేను వాడితో విజయవాడ వెళ్ళి మా పిన్ని ఇంట్లో ఉండాలని అనుకున్నాం. ఏమవుతుందో తెలియదు. అన్నీ చక్కబడిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. కొన్ని రాత్రులు ఇప్పటికీ వాడి గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. లేచి వెళ్ళి పక్కన కూర్చుంటాను. మాట్లాడితే మాట్లాడతాడు, లేకపోతే లేదు.

మొన్న వంకాయ కూర చేశాను. "ఛీ, ఇదా?" అని కంచం తోసేశాడు. అత్తయ్య, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. నేను మారు మాట్లాడకుండా లేచి ఆమ్లెట్ వేసిచ్చాను. ఈ వయసులో అంత గారమా అని మీరు తిట్టుకోవచ్చు. ఫర్వాలేదు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. మా ఇంట్లో ఇప్పుడు చెయ్యెత్తడం ఒక అలవాటైపోయింది. మొదలుపెట్టింది చిన్నది, వేళాకోళానికి. హోంవర్కు తెమలకపోతే హాల్లో నిలబడి చెయ్యెత్తేది. తర్వాత పెద్దవాడు ఒకరోజు రాత్రి, ఏమీ అనకుండా, పుస్తకం ముందు కూర్చుని చెయ్యెత్తాడు. వాళ్ళ నాన్న టీవీ ఆపేసి వెళ్ళారు.

పోయిన ఆదివారం మా ఇంటికి ఎనిమిది మంది చుట్టాలొచ్చారు. మధ్యాహ్నం రెండు గంటలకి, ఒక పొయ్యి మీద చారు పొంగుతూ, ఇంకో పొయ్యి మీద అప్పడాలు మాడుతూ, హాల్లోంచి "అమ్మాయ్, మంచినీళ్ళు" అని కేక వినబడింది. ఇరవై ఏళ్ళుగా ఇలాంటప్పుడు నేను "వస్తున్నా" అని నవ్వుతూనే అన్నాను. ఎంత ఓర్పండీ మీ ఆవిడది అని అందరూ అనేవారు. ఆ రోజు వంటింటి గుమ్మంలోకి వచ్చి, చేతిలో గరిటెతోనే, చెయ్యి పైకెత్తి నిలబడ్డాను.

చుట్టాలకి ఏమీ అర్థం కాలేదు. మావారు, పిల్లలిద్దరూ ఒకేసారి లేచారు.